చిన్నమ్మ చూపుకి ఎంత వెడల్పు

మా చిన్నమ్మకి చూపు పక్కల నుంచి తగ్గిపోతోంది. డాక్టరు ఈ మాట చెప్పి రెండేళ్ళు దాటింది. గ్లాకోమా అన్నాడు. మన పాతవాళ్ళు నీటికాసులు అనేది దాన్నే. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలనీ, అది కూడా ఎన్నాళ్ళుంటుందో తను చెప్పలేననీ అన్నాడు. చిన్నమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి ఒక తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గళ్ళు గీసి, మందు వేసుకోవాల్సిన వేళలు రాసి, మంచం పక్కన గోడకి అంటించింది. ముప్ఫై ఏళ్ళకి పైగా స్కూల్లో భూగోళం చెప్పిన మనిషి. ఏ కష్టమొచ్చినా ముందు దానికో టైంటేబుల్ వేస్తుంది.

ఆ తర్వాత ఆమె నన్ను అడిగింది ఒకే ఒక్కటి.

"బిడ్డా, మన క్రిస్మస్ ఫోటోలు ఉన్నయి గద. అండ్ల అందర్ని ఒక్కసారే చూడాలె. ఒక్క చూపుల. ఇంకా ఇంత కనబడుతున్నప్పుడే."

"ఆల్బం నీ దగ్గరే ఉంది గద చిన్నమ్మా."

"ఆల్బం చేతిల పట్టుకుంటే ఒక మొఖం దొరుకుతది, పక్కది పోతది. ఒక్కొక్కర్ని హాజరు పిలిచినట్టు చూస్తున్న. క్లాసంత ఒక్కసారి కనబడ్తలేదు."

చిన్నమ్మ అంటే మా అమ్మకి సొంత చెల్లెలు. అమ్మ పోయి చాలా కాలమైంది. చిన్నమ్మ మౌలాలిలో, తాత కట్టిన ఇంట్లోనే ఉంటోంది. నేను మెట్టుగూడలో ఉంటాను. మధ్యలో ఒక బస్సు, ఓపికుంటే. లేకపోతే ఆటో.

ఆ క్రిస్మస్ ఫోటోల గురించి కొంచెం చెప్పాలి. మా ఇంట్లో మొదటి కెమెరా కొన్నది చిన్నమ్మే. ప్రతి క్రిస్మస్‌కీ చర్చి ఆరాధన అయిపోయాక, బిర్యానీ వడ్డించే లోపల, అందరం మౌలాలి ఇంటి మెట్ల మీద నిలబడాలి. తాత, అమ్మమ్మ నడిమి మెట్టు మీద కుర్చీల్లో. పొడుగువాళ్ళు వెనక. పిల్లలు కింద. చిన్నమ్మ ఎత్తు స్టూలు తెచ్చి, దాని మీద పిండి డబ్బా పెట్టి, దాని మీద కెమెరా పెట్టేది. ఆ కెమెరాకి తనంతట తనే నొక్కుకునే మీట ఉండేది. మీట తిప్పిన తర్వాత పది లెక్కపెట్టేంత సేపు గర్రుమని శబ్దం చేసి, టిక్కుమని నొక్కుకునేది. ఆ పదిలోపల చిన్నమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తుకొచ్చి మా వరుసలో ఎడమ చివర నిలబడాలి.

ఆ చివర ఆమె కోసం ఖాళీ ఉంచడం నా పని. నాకు ఏడేళ్ళప్పుడు ఎవరు అప్పజెప్పారో గుర్తు లేదు గానీ, ఆ ఉద్యోగం చాలా ఏళ్ళు చేశాను. చెయ్యి చాచి అడ్డం పెట్టేదాన్ని. పెదనాన్న పిల్లలు తోసుకుంటూ వస్తే మోచేత్తో పొడిచేదాన్ని. ఇంత శ్రద్ధగా పని చేసినా నాకు దక్కింది తిట్లే. ఎందుకంటే ఏ ఫోటోలోనూ నా మొహం నేరుగా ఉండదు. అందరూ కెమెరా వైపు చూసి నవ్వుతుంటే నేను ఎటో చూస్తుంటాను. వీధిలో మేకల్ని చూస్తోందని మా అన్న అనేవాడు. ప్రింట్లు కడిగించి తెచ్చిన రోజున చిన్నమ్మ నెత్తి కొట్టుకునేది. "ఒక్క టిక్కు సేపు కెమెరా దిక్కు చూడమంటే నీకేం రోగమే?" అనేది. నాకూ తెలియదు కాబట్టి ఏమీ అనేదాన్ని కాదు. పరధ్యానం పిల్లననే పేరు అలా స్థిరపడిపోయింది.

సరే, చిన్నమ్మ అడిగిన పని దగ్గరికొస్తాను. నేను కార్ఖానా అనే పేటలో ఒక స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ చెబుతాను. పిక్సెల్ అంటే ఏమిటో ఏటేటా బోర్డు మీద గళ్ళు గీసి చెబుతున్నదాన్ని. నాకా ఫోటోలు చూపించడం రానిది? పోయిన క్రిస్మస్‌కి మా ఇంట్లోనే భోజనాలు పెట్టుకుందామని, టీవీ మీద స్లైడ్‌షో వేస్తానని అందరికీ చెప్పేశాను. మా ఆయన అప్పటికే దసరాకి యాభై అయిదు అంగుళాల టీవీ తెచ్చి గోడకి బిగించి ఉన్నాడు. చూపు తక్కువైన మనిషికి బొమ్మ పెద్దదిగా ఉండాలి. అంతకన్నా ఆలోచించాల్సింది ఉందని నాకు తట్టనే లేదు.

ఫోటోలన్నీ శ్రద్ధగా స్కాన్ చేశాను. అక్కడి నుంచి నా తల ప్రాణం తోకకొచ్చింది. పాత ప్రింటు ఆరంగుళాల అడ్డం, నాలుగంగుళాల నిలువు. అంటే మూడుకి రెండు. టీవీ పదహారుకి తొమ్మిది. ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి ఇమడవు. ఫోటో మొత్తం కనపడాలంటే రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. తెర మొత్తం నిండాలంటే పైనా కిందా తెగుతుంది. పట్టీలూ వద్దు, తెగనూ వద్దంటే బొమ్మని సాగదీయాలి.

ముందు పట్టీలతో చేసి కార్ఖానాలో ఉండే మా అన్నకి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"ఏందే ఇది? ఫోటో చుట్టు నల్ల బార్డర్ పెట్టినవ్? పండుగ పూట చావు కార్డు లెక్క?"

అతను అన్నదీ నిజమే. మా వాళ్ళల్లో నల్ల అంచు ఉన్న ఫోటో అంటే ఎవరో ప్రభువు దగ్గరికి వెళ్ళారని. ఆ కార్డులు మా ఇళ్ళల్లో బైబిల్ పేజీల మధ్య బోలెడు ఉంటాయి. క్రిస్మస్ భోజనం దగ్గర అది చూపిస్తే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. సరేనని సాగదీసి చూశాను. తాత ముఖం గుమ్మడికాయలా తయారైంది. అమ్మమ్మ మెడలో గొలుసు భుజాల దాకా పాకింది. అందరూ ఆరు నెలలు నెయ్యి తాగి వచ్చినవాళ్ళలా ఉన్నారు. తెర నింపి చూశాను. వెనక వరుసలో పొడుగువాళ్ళ తలలు ఎగిరిపోయాయి. పెదనాన్నకి గడ్డం మాత్రమే మిగిలింది.

చివరికి నాకు గొప్ప ఉపాయం తోచింది. తెర నింపి, బొమ్మని మెల్లగా కదిలించడం. ముందు పై భాగం కనపడి, నెమ్మదిగా కిందకి జారుతుంది, కాస్త దగ్గరికి కూడా వస్తుంది. ఎవరి తలా తెగదు, నల్ల పట్టీ ఉండదు. వారం రోజులు కూర్చుని ప్రతి ఫోటోకీ కదలిక పెట్టాను. వెనక ఆర్గన్ మీద వాయించిన కీర్తన పెట్టాను. టీవీకి తగ్గట్టు అడ్డం మూడువేల ఎనిమిది వందల నలభై పిక్సెళ్ళతో సిద్ధం చేశాను. మా ఆయన చూసి, సినిమా హాల్లో వేయొచ్చు అన్నాడు. పొంగిపోయాను.

పండుగ రోజు చిన్నమ్మని సోఫా మధ్యలో, తెరకి సరిగ్గా ఎదురుగా కూర్చోబెట్టాం. ఇంట్లో ఇప్పుడు ఆమే అందరికన్నా పెద్ద. పెద్దవాళ్ళని వెనక కూర్చోబెడతామా? ఆమె ఒకసారి "నేను ఆ వెనక తలుపు కాడ కూసుంట" అంది. అందరం ఒక్కసారిగా అరిచాం. చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాం. అన్న అయితే సోఫాని ఇంకో అడుగు టీవీ వైపు జరిపాడు, మంచిగా కనపడాలని.

స్లైడ్‌షో నడుస్తున్నంత సేపూ నేను తెర చూడలేదు, చిన్నమ్మనే చూశాను. ఆమె తల ఒక్క చోట నిలవలేదు. రేతిఫైల్ బస్‌స్టాండ్ దగ్గర రోడ్డు దాటేటప్పుడు చూసినట్టు అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒక మొహాన్ని పట్టుకునే లోపల అది కిందకి జారిపోయేది. అందరూ పేర్లు పెట్టి కేకలేసి నవ్వుతున్నారు. ఆమె ఎవరు నవ్వితే వాళ్ళ గొంతు వైపు తిరిగి నవ్వుతోంది. అయిపోయాక చప్పట్లు కొట్టింది. "మంచిగున్నది బిడ్డా, చాన కష్టపడ్డవు" అంది. తర్వాత వంటింట్లోకి వచ్చి, ఎవరూ లేకుండా చూసి, చెవిలో చెప్పింది.

"జెర చిన్నగ చేస్తవా?"

నా ఒళ్ళు మండింది. వారం రోజుల పని. యాభై అయిదు అంగుళాలు. అందరూ నోరు వెళ్ళబెట్టి చూసిన బొమ్మ. దాన్ని చిన్నగా చేయాలట. "చూద్దాంలే" అని మొహం మాడ్చుకుని బిర్యానీ గిన్నెలు తోమడానికి వెళ్ళాను. అప్పుడు అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కోపం రెండు రోజుల్లో పోయింది గానీ ఆ మాట పోలేదు. చూపు తగ్గిన మనిషి బొమ్మ చిన్నదిగా కావాలని ఎందుకు అడుగుతుంది? స్కూల్లో పిల్లలకి పాఠం చెబుతున్నా అదే ఆలోచన. జనవరిలో మొదటి శనివారం మధ్యాహ్నం మౌలాలి వెళ్ళాను. గేటు తీస్తూనే అడిగేశాను.

"చిన్నమ్మా, అసలు నీకెట్ల కనబడుతది? సరిగ్గ చెప్పు."

ఆమె మొహం వెలిగిపోయింది. ఇంతకాలం అందరూ "ఎట్లుంది కన్ను?" అని అడిగారే గానీ, ఎట్లా కనబడుతుందని ఒక్కరూ అడగలేదట. పేపర్ తీసి గొట్టంలా చుట్టి నా చేతికిచ్చింది. ఒక కన్ను మూసి దాంట్లోంచి చూడమంది. చూశాను. దూరంగా మౌలాలి గుట్ట, దాని మీది దర్గా మొత్తం ఆ చిన్న కన్నంలో ఇమిడిపోయాయి. ఎదురుగా ఉన్న చిన్నమ్మది మాత్రం ముక్కూ, కళ్ళజోడు సగమూ కనపడ్డాయి. గుట్టంతా కనిపించే కంటికి మనిషి మొత్తం కనిపించడం లేదు. దగ్గరున్నది పట్టదు, దూరమున్నది పడుతుంది. ఆ వెనక తలుపు దగ్గర కూర్చుంటానని ఎందుకందో అప్పుడర్థమైంది. ఆమెని గౌరవంగా ముందు కూర్చోబెట్టి, ఇంకో అడుగు దగ్గరికి జరిపి మరీ చూపు లేకుండా చేశాం మేమందరం.

"అంటే చుట్టూ ఇట్లనే నల్లగ ఉంటదా నీకు?"

"నల్లగ ఉంటదనుకుంటున్నవా? నల్లగ ఉండదు. అసలు ఉండదు." చెయ్యి చెవి పక్కన పెట్టి ఊపింది. "నీ నెత్తి వెనక నీకేం కనబడుతుంది? నల్లగ కనబడుతుందా? ఏం లేదు గద. గట్లనే. అందుకే బొమ్మ ఎక్కడ అయిపోయిందో నాకు తెలుస్తలేదు. నల్ల పట్టీలు ఉంటే మంచిగుండు. పట్టీ కనబడితే అయిపోయిందని ఎరుక అయితుండె."

మా అన్న చావు కార్డు అన్న పట్టీలు. నేను వారం రోజులు కుస్తీపట్టి తీసేసిన పట్టీలు.

ఆ రోజు మేమిద్దరం చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. చిన్నమ్మ దగ్గర ఇంకా సుద్దముక్కలున్నాయి, చెక్క స్కేలూ ఉంది. వెనక పెరట్లో గోడ మీద ఒక గుర్తు పెట్టాం. గోడకి ఆరడుగుల దూరంలో కుర్చీ వేసి ఆమెని కూర్చోబెట్టాను. మా టీవీకీ సోఫాకీ మధ్య ఉన్న దూరం అదే. ఆమె గుర్తునే చూస్తూ ఉండాలి, చూపు తిప్పకూడదు. నేను సుద్దముక్కని బయట నుంచి గుర్తు వైపు మెల్లగా జరపాలి. సుద్ద కనపడగానే "వచ్చింది" అనాలి. అక్కడ నేనొక చుక్క పెడతాను. చూపు తిప్పితే మళ్ళీ మొదటి నుంచి. రెండుసార్లు దొంగచూపు చూసింది, పట్టుకున్నాను. మూడోసారి నేను కదలక ముందే "వచ్చింది" అంది. పరీక్షలో కాపీ కొట్టే పిల్లల్ని అన్నట్టే మందలించాను. ఆ పాత టీచరమ్మకి నవ్వాగలేదు.

చుక్కలన్నీ కలిపితే గోడ మీద ఒక ఆకారం తేలింది. గుండ్రంగా లేదు, చదరంగా లేదు. ఒక పక్క సొట్టపోయిన కంచం లాగా ఉంది. స్కేలు పెట్టి కొలిచాను. అడ్డం ఇరవై నాలుగున్నర అంగుళాలు. నిలువు ఇరవై. చిన్నమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి, ఆ గీతల మీద చేత్తో తడిమింది.

"గింతేనా నాది?" అంది.

నేను స్కేలు కింద పెట్టేశాను. ఆమే తేరుకుని, "మంచిగనే ఉంది తియ్. ఇంకా చాన చిన్నగుంటదనుకున్న" అంది. పటాల్లో దేశాల సరిహద్దులు చూపించిన వేలితోనే ఆ సుద్దగీత చుట్టూ రెండుసార్లు తిప్పింది.

మా టీవీ అడ్డం నలభై ఎనిమిది అంగుళాలు. అదే దూరంలో ఆమె చూపు ఇరవై నాలుగున్నర. సగం. పండుగ రోజు ఆమెకి ఏ క్షణంలోనూ సగం తెర కన్నా ఎక్కువ కనపడలేదు. ఆ సగాన్ని కూడా నేను కదిలించాను.

ఇంటికొచ్చి లెక్కలో పడ్డాను. ఇరవై నాలుగున్నరకి ఇరవై అంటే దాదాపు ఐదుకి నాలుగు. ఇప్పుడొచ్చే తెరలన్నీ వెడల్పు. టీవీ, లాప్‌టాప్, ఫోన్ అడ్డం తిప్పితే అదీ. ఐదుకి నాలుగు తెర ఇప్పుడెవడు చేస్తాడు? మా ఆయన, టీవీ అదే, ఆమెనే వెనక్కి జరిపితే సరిపోతుంది కదా అన్నాడు. అతను చెప్పింది తప్పు కాదు. పెద్ద తెర దూరంగా ఉన్నా, చిన్న తెర దగ్గరగా ఉన్నా ఆమె కంటికి ఒకటే. కానీ మా హాల్లో అంత వెనక్కి జరిగితే చిన్నమ్మ వంటింట్లో గ్యాస్ పొయ్యి పక్కన కూర్చోవాలి. పైగా ఆమెకి తోచినప్పుడల్లా చూసుకోవడానికి మెట్టుగూడ రాలేదు కదా. తెర ఆమె ఇంట్లోనే ఉండాలి.

అప్పుడు గుర్తొచ్చింది, మా అటక మీద పాత మానిటర్. పంతొమ్మిది అంగుళాలది, నేను కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లోది. దించి దుమ్ము తుడిచి కొలిచాను. అడ్డం పదిహేను, నిలువు పన్నెండు. ఐదుకి నాలుగు! పన్నెండు వందల ఎనభై పిక్సెళ్ళ అడ్డం, వెయ్యిన్నీ ఇరవై నాలుగు నిలువు. ఇన్నేళ్ళు పాతసామాన్ల వాడికి వేద్దామంటూ వేయకుండా ఉంచినందుకు మా ఆయన తన దూరదృష్టిని పొగుడుకున్నాడు. బద్ధకం అని నాకు తెలుసు.

మళ్ళీ శనివారం మానిటర్ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మౌలాలి వెళ్ళాను. కిటికీ కర్టెన్లు వేసి, బల్ల మీద పెట్టి, లాప్‌టాప్ తగిలించాను. తొందరలో వెయ్యిన్నీ ఇరవై నాలుగుకి ఏడు వందల అరవై ఎనిమిది అనే పాత కొలత నొక్కాను. అందరూ సన్నబడిపోయారు. చిన్నమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "మా అక్క ఇంత సన్నగ ఎప్పుడున్నది? లగ్గం నాడు సుత లేదు" అంది. తెరకి దాని సొంత కొలతే ఇవ్వాలని బోర్డు మీద ఏటేటా రాసేదాన్ని నేనే. సరిచేశాను. అమ్మ మళ్ళీ అమ్మంత అయింది.

ఇక ఆ ఫోటో పెట్టాను. చిన్నమ్మ చూడాలనుకున్నది నిజానికి అదొక్కటే. ఆ ఏడు ఒక్కరు కూడా తప్పకుండా అందరూ వచ్చారు. పంతొమ్మిది మంది. అందులో ఇప్పుడు తొమ్మిది మందిమి ఉన్నాం.

కుర్చీ నాలుగడుగుల దూరంలో వేశాను. చిన్నమ్మ కదలకుండా చూసింది. "అంచులు కనబడుతున్నయి" అంది. "నాలుగు దిక్కుల. మొత్తం వచ్చింది." కానీ వెంటనే తల అడ్డంగా ఊపింది. "అందరున్నరని తెలుస్తుంది. ఎవరెవరో తెలుస్తలేదు. మొఖాలు మినపగింజలంత ఉన్నయి."

కుర్చీ ముందుకు జరిపాను. మొహాలు తెలిశాయి, చివరివాళ్ళు పోయారు. వెనక్కి జరిపాను. చివరివాళ్ళు వచ్చారు, మొహాలు పోయాయి. అంగుళం అంగుళం జరిపి, నేల మీద సుద్దతో గీతలు గీసి, ఒక గంట తంటాలు పడ్డాం. చాలా కొద్దిలో తప్పిపోతోంది. మొహాలు ఇంకొక్క పిసరు పెద్దవైతే చాలు. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "పోనీ తియ్ బిడ్డా, నువ్వెందుకు పరేషాన్ అయితవ్" అంది. ఆ గొంతు విని నాకు పట్టుదల పెరిగింది.

కోసి చూద్దామనుకున్నాను. పైన వేలాడుతున్న క్రిస్మస్ నక్షత్రం కోశాను. కింద మెట్లూ చెప్పులూ కోశాను. ఏమీ లాభం లేదు. మొహాలు అంతే ఉన్నాయి, నల్ల పట్టీలు లావయ్యాయి. నక్షత్రాన్ని ఊరికే పోగొట్టాను. ఇరుకంతా అడ్డంలో ఉంది, నిలువులో కాదు. ఆరంగుళాల ఫోటోని ఐదుకి నాలుగులో పూర్తిగా నింపాలంటే పక్కల నుంచి సరిగ్గా ఒక అంగుళం తీసేయాలి. కుడి చివర క్రోటన్ కుండీ ఉంది. అది పావు అంగుళం. మిగతా ముప్పావు ఎడమ చివర నుంచి రావాలి.

ఎడమ చివర ముప్పావు అంగుళంలో ఒక ఖాళీ ఉంది, ఆ ఖాళీలోకి అప్పుడే వచ్చి నిలబడబోతున్న చిన్నమ్మ ఉంది. ఒక కాలు ఇంకా నేల మీద ఆనలేదు. కొంగు ఎగురుతోంది.

నేను మౌస్ మీద చెయ్యి పెట్టుకుని ఊరుకున్నాను. ఆమెకి అర్థమైపోయింది.

"నన్ను తీసెయ్," అంది.

"ఎట్ల తీసేస్త చిన్నమ్మా? ఫోటో తీసిందే నువ్వు."

"అందుకే చెప్తున్న. తీసింది నేను, నా ఫోటో. నా మొఖం నాకు తెల్వదా? పొద్దుగాల లేస్తే అద్దంల చూస్తనే ఉన్న. వాళ్ళను ఏ అద్దంల చూడాలె?"

"వద్దు చిన్నమ్మా."

"షురూ చెయ్. టైమైతుంది, నాలుగింటికి చుక్కలేసుకోవాలె."

అసలు ఫోటో ఎక్కడికీ పోదని, ఇది కాపీయేనని నాకు నేను చెప్పుకుని కోశాను. ఆమె కోసం ఉంచిన ఆ ఖాళీని ఎవ్వరికీ ఇవ్వకుండా అన్నేళ్ళు మోచేతులతో కాపాడినదాన్ని నేను. ఆ ఖాళీతో పాటు ఆమెని కూడా నేనే తీసేశాను.

ఫోటో తెరంతా నిండింది. నల్ల పట్టీలు లేవు గానీ మానిటర్ చుట్టూ దాని నల్ల చట్రం ఉంది. ఎక్కడ అయిపోయిందో అది చెబుతుంది. చిన్నమ్మ నాలుగడుగుల గీత దగ్గర కూర్చుని తల ఎత్తింది. ఈసారి తల అటూ ఇటూ తిరగలేదు. నేను ఆమె ఎడమ పక్కన వెదురు మోడా పీట మీద కూర్చుని చూస్తున్నాను.

చిన్నమ్మ చాలా మెల్లగా, "వచ్చిన్రు," అంది. "అందరొచ్చిన్రు. మా నాయిన కోటు గుండీ తప్పు పెట్టుకున్నడు చూడు. ఇన్నేండ్లు నేను చూడనే లేదు. అక్క నవ్వుతుంది. అమ్మ చేతిల రుమాలున్నది." ఆమె వేలు కదలడం లేదు, కళ్ళు కదలడం లేదు. పద్దెనిమిది మందీ ఒకేసారి ఆమె ముందు నిలబడి ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆమె పట్టించుకోలేదు, ఆమెకి తీరిక లేదు.

కాసేపటికి ఆమె నుదురు ముడిపడింది.

"బిడ్డా, అందరు ముందటికే చూస్తున్నరు. నువ్వొక్కదానివే పక్కకు చూస్తున్నవ్. ఈ దిక్కు ఎవరున్నరు?"

నేను కూడా తెర చూశాను. ఇప్పుడు ఎడమ చివర ఉన్నది నేనే. రెండు జడలు, తెల్ల గౌను, అడ్డంగా చాచిన చెయ్యి. చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయింది. మొహం పూర్తిగా ఎడమకి తిరిగి, తెర బయటికి చూస్తోంది. అక్కడ మేకలేమీ లేవు.

"నువ్వే చిన్నమ్మా. నిన్ను కోసేసినం గద."

ఆమె తెర మీది ఆ చాచిన చేతినే చూసింది.

"నా దిక్కు చూస్తుంటివా?"

"పది అయ్యేలోపల రావేమో అని."

ఆ మాట నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నాకే తెలియదు. అనేశాక తెలిసింది, ప్రతి క్రిస్మస్‌కీ నేను లోపల లోపల పది లెక్కపెడుతూ ఉండేదాన్నని. ఏడు దగ్గర భయం మొదలయ్యేది. ఆమె కాలు మెట్టు మీద పడేదాకా నాకు కెమెరా ఎక్కడుందో కూడా గుర్తుండేది కాదు.

"ప్రతి ఏడు తిట్టిన గదనే నిన్ను," అంది చిన్నమ్మ. తెర మీద నుంచి చూపు తీసి, ఎడమ పక్కకి చెయ్యి చాచి గాల్లో తడిమింది. నేను అడుగు దూరంలోనే ఉన్నాను. అయినా ఆమెకి నేను లేను. మొత్తం తల తిప్పితే తప్ప నేను ఆమెకి కనపడనని, ఇన్నాళ్ళూ మంచం మీదా సోఫాలోనూ బస్సులోనూ ఆమె పక్కనే ఆనుకుని కూర్చుని మాట్లాడుతున్నానని, అదంతా ఆమె నా గొంతునే పట్టుకుని వింటోందని అప్పుడు తెలిసింది.

లేచి, మోడా తీసుకెళ్ళి మానిటర్‌కి అడ్డంగా, ఆమెకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.

"ఇప్పుడు?"

"ఇప్పుడు మొత్తం కనబడుతున్నవ్," అంది.

చుక్కల మందు ఆ రోజు పావుగంట ఆలస్యమైంది. మానిటర్, దానికి తగిలించిన లాప్‌టాప్ అక్కడే ఉన్నాయి, ఆమె రోజూ ఒకసారి వేసుకుని చూస్తుంది. నేల మీది సుద్దగీత చెరిగిపోతే మళ్ళీ గీస్తుంది. మౌలాలి వెళ్ళినప్పుడు నేనిప్పుడు ఆమె పక్కన కూర్చోవడం లేదు. ఆ గీతకి నాలుగడుగుల దూరంలో, ఆమె మొహానికి నేరుగా కూర్చుంటాను.